మజూరీ చెప్పని బండి

మా నాయిన మజూరీ చెప్పే ముందు చేతులు కడుక్కునేవాడు. మొన్న నాగర్‌కర్నూల్‌లో శ్రీశైలం మా కారు కింది నుంచి లేచి, కుళాయి దగ్గరికి నడిచి, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకోవడం చూశాక నాకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. శ్రీశైలం మా మేనమామ కొడుకు. మా నాయిన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాడు. నేనూ మా అమ్మాయి సుజాతా గద్వాల నుంచి తెలకపల్లిలో ఒక పెళ్లికి బయలుదేరాం. కారు సుజాతది, నడిపేదీ తనే. వనపర్తి దాటాక బ్రేకు తొక్కినప్పుడల్లా వెనక ఎడమ చక్రం దగ్గర గరగరమని చప్పుడు మొదలైంది. నేను చెప్పాను. "ఏం కాదమ్మా, రాయి గిట్ల ఇరుక్కుని ఉంటది" అని సుజాత పాట శబ్దం పెంచింది. పాట కింద కూడా నాకు ఆ చప్పుడే వినిపిస్తోంది.

గోపాల్‌పేట దాటాక ఒక దిగుడు వస్తుంది. కింద వాగు, దాని మీద వంతెన. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసి, మలుపు సరిచేసి, అంచున ఇనుప కమ్మీలు పెట్టారు. కొత్తగా పోయేవాళ్లకు అది దిగుడని కూడా తెలియదు. నాకు మాత్రం అక్కడికి రాగానే కుడికాలు దానంతటదే కిందికి అదుముకుంటుంది, బ్రేకు నా కాలి కిందే ఉన్నట్టు. కుర్మయ్య మామ, అంటే ఈ శ్రీశైలం తండ్రి, ఆ దిగుడులోనే చనిపోయాడు. మొన్న ఆ చప్పుడు వింటూ దిగుతున్నంతసేపూ సీటు పట్టుకుని కూర్చున్నాను. దిగాక, "పెళ్లి సంగతి తర్వాత, ముందు నాగర్‌కర్నూల్‌లో శ్రీశైలం కాక దగ్గరికి పోనీయి" అన్నాను. సుజాత నా ముఖం చూసి పాట ఆపేసింది.

పాత రోజుల గురించి రాసేవాళ్లంతా, ఆ కాలంలో మనుషులకు పైసల మీద ఆశ లేదని, చుట్టాలు చుట్టాల్లా ఉండేవారని, ఇప్పుడే ప్రతిదానికీ ధర వచ్చిందని రాస్తారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేను అట్లా రాయలేను. మా ఇంట్లో ఒక మనిషి, అడగాల్సిన మజూరీ అడగకపోవడం వల్ల పోయాడు. అది ఎట్లా జరిగిందో తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనూ శ్రీశైలమే మిగిలాం, వాడికి కూడా విన్నదే తప్ప చూసింది లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వనపర్తిలో కొత్తకోట రోడ్డు మీద మా షెడ్డు ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక వేపచెట్టు. మా ఇంట్లో అన్నిటికీ కిరసనాయిలు వాసనే. నాయిన బట్టలను అమ్మ వేరే తొట్టిలో నానబెట్టి, సోడాలో ఉడకబెట్టి ఉతికేది. మా బట్టలు ఆ తొట్టి దగ్గరికి రానిచ్చేది కాదు. అయినా బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు, నేను పంతానికి వాళ్లవైపే జరిగి కూర్చునేదాన్ని. పొద్దున్నే అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు తట్టే చప్పుడు, షెడ్డులో ఖాసిం మామ సుత్తితో రేకు మీద కొట్టే చప్పుడు కలిసే వినిపించేవి. ఖాసిం మామ సొట్టలు పడిన కార్ల రేకులు సరిచేసేవాడు. షెడ్డులో సగం చోటు ఆయనది. నాయిన పాత టైరు మీద కూర్చుని, నూనె చేయి తగలకుండా రొట్టెను కాగితంతో పట్టుకుని, పుంటికూర అద్దుకుని తినేవాడు. తింటున్నప్పుడు కూడా కళ్లు రోడ్డు మీద పోయే బండ్ల మీదే ఉండేవి. ఏదైనా బండి చప్పుడు తేడాగా వినిపిస్తే నమలడం ఆపేసేవాడు. ఆ బండి కనుమరుగయ్యేదాకా మళ్లీ నమిలేవాడు కాదు.

కారు రిపేరుకు వస్తే నాయిన ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. ఎత్తమని తొందరపెట్టినవాళ్లను, "దవాఖానకు పోంగనే కడుపు కోస్తరా?" అని కసిరేవాడు. యజమానిని ఎదురు హోటల్లో చాయ తాగమని పంపించి, చెప్పులు విడిచి కారు చుట్టూ తిరిగేవాడు. టైర్లను మడమతో నొక్కేవాడు. గోనెసంచి పరుచుకుని కిందికి దూరి చాలాసేపు అక్కడే ఉండేవాడు. ఏం చూస్తావని ఒకసారి అడిగితే, "బోల్టుల మూలలు చూస్త. మూలలు అరిగినయంటే ఇదివరకు ఇంకెవరి చెయ్యో పడ్డదన్నట్టు. వాళ్లు సక్కగ చేసిన్రో లేదో మనకు తెల్వదు. గసొంటి బండికి మజూరీ ఎక్కువ" అన్నాడు. చక్రాల వెనక గట్టిపడ్డ మట్టిని గోటితో గీకి, బండి ఏ రోడ్ల మీద తిరిగిందో అంచనా కట్టేవాడు. తుప్పు పట్టిన బోల్టు విప్పడానికి ఎంత పొద్దు పడుతుంది, విరిగితే ఎంత తంటా, అన్నీ మనసులో వేసుకునేవాడు. తర్వాత తానే నడుపుకుంటూ కొంత దూరం పోయి వచ్చేవాడు. వచ్చాక చేతులు కడుక్కునేవాడు. ముందు రంపపుపొట్టుతో, తర్వాత సబ్బుతో. తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడుచుకుని, అప్పుడు మజూరీ చెప్పేవాడు. దాని మీద బేరం లేదు. విప్పాక పని ఎంత పెరిగినా ఆ మాట మారేది కాదు.

నాయిన లెక్కలో మజూరీ రెక్కల కష్టానికి మాత్రమే ఇచ్చేది కాదు. "సామాన్ల పైసలు దుకాణపోనికి పోతయి. మజూరీ నా పూచీకి" అనేవాడు. యజమాని మజూరీకి ఒప్పుకుని ముందుగా కొంత పైకం, బయానా, చేతిలో పెట్టగానే, నాయిన ఇంకో చేయి చాపి కారు చాబీ అడిగేవాడు. చాబీని షెడ్డు లోపల గుంజకు కొట్టిన మేకుకు తగిలించేవాడు. పని పూర్తయి, తానే మళ్లీ నడిపి చూసుకునేదాకా అది మేకు నుంచి దిగేది కాదు. గట్టు నుంచి ఒక పెద్ద రైతు వచ్చి, పని సగంలో ఉండగానే పంచాయితీకి పోవాలి, బండి కావాలని పట్టుబట్టాడు. "నా బండి నాకియ్యవా?" అని కేకలేశాడు. నాయిన కోపం తెచ్చుకోలేదు. "నీ బండే పటేలా, కాదన్ననా? గని ఉరికిచ్చేటందుకు అన్నీ ఉన్నయి, నిలబెట్టేటందుకు ఏం లేదు. పని అయినంక తీస్కపో" అన్నాడు. ఆయన తిట్టుకుంటూ బస్సెక్కి పోయాడు. తర్వాత ఆయనే తన ఊళ్లో ఉన్న బండ్లన్నీ మా షెడ్డుకు పంపించేవాడు. ఆ మేకును నేను చిన్నప్పుడు అంతగా పట్టించుకోలేదు, షెడ్డులో ఉన్న ఎన్నో మేకుల్లో అదొకటి అనుకునేదాన్ని.

కాని చుట్టాలకు మజూరీ చెప్పకూడదు. ఇది ఎవరూ నోటితో పెట్టిన కట్టుబాటు కాదు. మా వైపు చేతిపని చేసుకునే ఇళ్లన్నిట్లో అంతే. సొంతవాళ్ల బండి వస్తే నాయిన సామాన్లు తెప్పించుకుని పని చేసి పంపేవాడు, వాళ్లు ఇంటికి వచ్చి అన్నం తిని పోయేవారు. మజూరీ లేదు కాబట్టి బయానా లేదు. బయానా లేదు కాబట్టి చాబీ అడగడానికి నోరు రాదు. చుట్టం చాబీ చుట్టం జేబులోనే ఉండేది. సైకిళ్లు, మోటరు సైకిళ్లు వచ్చినన్నాళ్లు దీనివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

కుర్మయ్య మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లమ్మ తొందరగా పోతే అమ్మే తమ్ముణ్ని చంకన వేసుకుని పెంచింది. కోడేరులో కౌలు సేద్యం చేసేవాడు. వరసగా పల్లీ పంట పోయేసరికి విసుగెత్తి, ఎడ్లను అమ్మి, అప్పూ సప్పూ చేసి రాయచూరులో ఒక పాత తెల్ల కారు కొన్నాడు. పెళ్లిళ్లకు, దవాఖానలకు కిరాయికి తిప్పుకుంటే చాలు, మళ్లీ మబ్బు వైపు చూడాల్సిన పని ఉండదని మామ ఆశ. హారన్ కొట్టుకుంటూ మా ఇంటి ముందు ఆపిన రోజు అమ్మ ఆనందం చూడాలి. పసుపునీళ్లు తెచ్చి చక్రాల మీద చల్లింది, బానెట్‌కు బొట్టు పెట్టింది. మామ అద్దం మీద మీసం చూసుకుంటూ, "అక్కా, ఫస్టు కిరాయి నిన్నే తీస్కపోత, కురుమూర్తి జాతరకు" అన్నాడు. కొత్త రంగు వాసన గుప్పున కొట్టేది. నాయిన చెప్పులు విడిచాడు.

ఆ రోజు ఆయన బండి కింద ఉన్నంతసేపు ఇంకే బండి కిందా ఉండటం నేను చూడలేదు. బయటికి వచ్చినప్పుడు ముఖంలో నవ్వు లేదు. నడిపి చూసి వచ్చాడు. ఎడమవైపు వెనక చక్రం చుట్టూ చేయి పెట్టి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత అలవాటుకొద్దీ కుళాయి దగ్గరికి పోయి పొట్టుతో, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ మామ ఎదురుగా వచ్చి నిలబడి నోరు తెరిచాడు. అమ్మ గడపలో మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. "ఏంది, నా తమ్మునికి గూడ మజూరీ చెప్తవా?" అని నవ్వింది. మామ కూడా నవ్వాడు. నాయిన తువ్వాలు భుజాన వేసుకుని, "బ్రేకుల పని చానా ఉంది కుర్మయ్యా. రంగేసి దాసిన్రు. బండి ఈడనే ఉండనీ" అన్నాడు. "నీ ఇష్టం బావా, నీ చేతుల పెట్టిన" అన్నాడు మామ. చాబీని వేలికి తిప్పుకుంటూ, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఖాసిం మామకు ఇది నచ్చలేదు. మామ బస్సెక్కి పోయాక, సుత్తి పక్కన పెట్టి నాయిన దగ్గరికి వచ్చాడు. "ఉస్తాద్, ఒక్క రూపాయి మజూరీ చెప్పు. రూపాయి తీస్కొని చాబీ తీస్కో. పని పనిలెక్క ఉంటది" అన్నాడు. నాయిన చెట్టు కింద కూర్చుని బీడీ వెలిగించుకుంటూ, "మా ఇంటామె ఊకుంటదా? బావమరిది కాడ రూపాయి తీసుకున్నడంటే కోడేరుల నా ముక్కు కోస్తరు" అన్నాడు. ఖాసిం మామ మళ్లీ అనలేదు గాని, ఆ తెల్ల కారు పక్కనుంచి పోయినప్పుడల్లా దానివైపు ఒకసారి చూసి పోయేవాడు. నేను అన్నం తీసుకుపోయినప్పుడు, అటువైపు నడవొద్దని నాకు కూడా చెప్పాడు. ఎందుకని అడిగితే, "ఊకెనే, బిడ్డా" అన్నాడు.

మా షెడ్డులో కారు కింద పని చేయడానికి గుంత ఒకటే ఉండేది. బయానా ఇచ్చినవాళ్ల బండ్లకు గుంత దొరికేది, వాళ్లకు నాయిన ఫలానా రోజని మాట ఇచ్చి ఉండేవాడు కాబట్టి. మామ కారును గుంత మీదికి ఎక్కించడం, చక్రం విప్పడం, ఇంతలో బయానా బండి రాగానే మళ్లీ చక్రం తగిలించి వేపచెట్టు కిందికి నెట్టడం, ఇదే వరస అయింది. మామ వారానికోసారి వచ్చేవాడు. సంచిలో పల్లీలో, పెసర్లో తెచ్చేవాడు, ఒకసారి కోడిపుంజును తెచ్చాడు. బండి ఎంతవరకు వచ్చిందని మాత్రం అడిగేవాడు కాదు. మజూరీ ఇచ్చినవాడైతే గుంజకు ఆనుకుని నిలబడి, ఇంకెన్ని దినాలయ్యా అని నిలదీస్తాడు. మామ చెట్టు కింద కూర్చుని, "ఈసారి వానలు బాగనే పడేటట్టున్నయి బావా" అనేవాడు. నాయిన తలెత్తకుండా "ఊ" అనేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమే. ఆ ప్రేమే వాళ్ల నోళ్లు కట్టేసిందని ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఒకడు తొందరపెట్టలేడు, ఇంకొకడు ఆగమని గట్టిగా చెప్పలేడు. చెట్టు కింద, ఎడమ చక్రం దగ్గర నేల మీద నూనె మరక ఒకటి పడింది. అమ్మ రోజూ దాని మీద ఇసుక పోసి చీపురుతో ఊడ్చేది. తెల్లారేసరికి మళ్లీ ఉండేది.

చివరికి ఒక గురువారం నాయిన ఆ చక్రం లోపలి బ్రేకు సామాను మొత్తం విప్పేశాడు. లోపలి రబ్బర్లు చివికిపోయాయి, వనపర్తి దుకాణాల్లో అవి దొరకలేదు. అంతలో బయానా బండి వచ్చింది, గుంత ఖాళీ చేయాలి. ఆ చక్రానికి పోయే బ్రేకు గొట్టం మూతికి చెక్క బిరడా కొట్టి, గుడ్డ చుట్టి, చక్రం తగిలించి కారును చెట్టు కిందికి పంపాడు. అటూ ఇటూ నెట్టుకోవడానికి ఆ బిరడా చాలు. విప్పిన సామానును కిరసనాయిలు పోసిన తట్టలో నానవేశాడు. మరుసటి రోజు పొద్దున్నే రబ్బర్ల కోసం గద్వాలకు బస్సెక్కాడు.

ఆ శుక్రవారమే కుర్మయ్య మామ వచ్చాడు. తెలకపల్లిలో పెళ్లివాళ్లు కారు కావాలని అడిగారట. అంతకుముందు ఎవరూ అంత పెద్ద కిరాయి అడగలేదు. కొత్త చొక్కా వేసుకుని, జేబులో చిన్న దువ్వెన పెట్టుకుని వచ్చాడు. అమ్మ రొట్టెలు పెట్టింది. చాబీని కంచం పక్కనే పెట్టుకుని తిన్నాడు. తింటూ, "బావ యాడికి పోయిండు?" అన్నాడు. "గద్వాలకు. ఏందో సామాను దొరుకతలేదంట" అంది అమ్మ. "నా బండికేనా?" "ఏమో రా, ఎన్ని బండ్లున్నయి, నాకేం తెల్సు. నీ బండికి చక్రం నిన్ననే ఎక్కిచ్చిండు గద" అంది అమ్మ. మామ ముఖం విప్పారింది. "ఎక్కిచ్చిండా? అయితే అయినట్టే. నాకు చెప్పెతందుకు ఆయనకు మొహమాటం, నాకు అడిగెతందుకు మొహమాటం" అని నవ్వాడు. నీళ్లు తాగి లేచాడు. షెడ్డులో ఎవరూ లేరు, ఖాసిం మామ నమాజుకు పోయాడు. నేను గడపలో నిలబడి చూస్తుండగా మామ కారెక్కాడు, ముందుకూ వెనక్కూ కదిపి బ్రేకు తొక్కి చూశాడు. ఆగింది. అద్దంలోంచి అమ్మకు చేయి ఊపాడు. అమ్మ, "పిల్లగాన్ని తీస్కరా రా ఈసారి" అని కేకేసింది. పిల్లగాడంటే శ్రీశైలం, అప్పటికింకా మాటలు కూడా రాని పసివాడు.

ఆ మధ్యాహ్నం ఎండ, గాలి లేకపోవడం, చెట్టు కింద ఖాళీ చోటులో మిగిలిన నూనె మరక, అన్నీ నాకు నిన్న చూసినట్టే ఉన్నాయి. ముందు ఖాసిం మామ వచ్చాడు. ఖాళీ చోటు చూశాడు. మా ఇంటివైపు ఒక్క చూపు చూసి, సైకిల్ తీసుకుని గోపాల్‌పేట రోడ్డు వైపు తొక్కుకుంటూ పోయాడు. కారు వెనక సైకిల్ మీద పోవడం ఏమిటని నేను నవ్వుకున్నాను కూడా, నాకేం తెలుసు. తర్వాత నాయిన బస్సు దిగి వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన రబ్బర్లు. చెట్టు కింద చూశాడు, షెడ్డులోకి పోయి తట్టలో చూశాడు. సామాను కిరసనాయిలులో అట్లాగే ఉంది. బయటికి వచ్చి, అమ్మను ఎన్నడూ పిలవనంత మెల్లగా పిలిచాడు.

"చాబీ ఎవరిచ్చిన్రు?"

"ఎవరిచ్చుడేంది? చాబీ వాని దగ్గరనే ఉండె గద. మనం తీసుకుంటిమా?" అంది అమ్మ.

నాయిన రబ్బర్ల పొట్లం గడప మీద పెట్టాడు. రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. వచ్చే ప్రతి బండినీ ఆపబోయాడు. అమ్మకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు, కాని ఆయన నిలబడిన తీరు చూసి ఏడుపు మొదలుపెట్టింది. కాసేపటికి గోపాల్‌పేట వైపు నుంచి ఒక లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. లోపలినుంచి ముందు ఖాసిం మామ దిగాడు. సైకిల్ లేదు. డ్రైవరు దిగి తల మీది రుమాలు తీసేశాడు. "తెల్ల కారు, ఉస్తాద్..." అన్నాడు. నాయిన ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు. దిగుడులో గట్టిగా బ్రేకు తొక్కేసరికి బిరడా ఎగిరిపోయిందని, బ్రేకు నూనె అంతా కారిపోయి ఏ చక్రానికీ బ్రేకు మిగల్లేదని, కారు వంతెన తప్పి వాగులో పడిందని తర్వాత తెలిసింది. ఎక్కించుకోవాల్సిన పెళ్లివాళ్లు ఇంకా ఎక్కలేదు. అది ఒక్కటే దేవుడు చేసిన మేలని ఊళ్లో అనుకున్నారు. అమ్మ ముందు ఆ మాట ఎవరూ అనలేదు.

నాయినను ఎవరూ తప్పుపట్టలేదు. పాత బండి, చెప్పకుండా తీసుకుపోయాడు, ఆయుష్షు తీరింది అన్నారు. నాయిన ఏ మాటకూ తల ఊపలేదు. చాలా రోజులు తట్టలో సామాను తీయలేదు, కిరసనాయిలు ఆరిపోయి అడుగున నల్లని జిడ్డు మిగిలింది. మా అత్త, అంటే కుర్మయ్య మామ భార్య, శ్రీశైలాన్ని తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. రాత్రిళ్లు అమ్మా ఆమె ఒకే చాప మీద పడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు.

ఒక ఏడాది తిరిగాక అనుకుంటాను, మా చిన్నాయిన, నాయిన సొంత తమ్ముడు, జీపు తెచ్చి షెడ్డులో పెట్టాడు. నాయిన కింద దూరి చూశాడు, నడిపి చూశాడు, చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. అప్పుడు గడపలోంచి అమ్మ, "మజూరీ చెప్పు" అంది. చిన్నాయిన పరాచికమనుకుని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "చెప్పి, బయానా తీస్కొని, చాబీ తీస్కో. తీసుకోకుంటే ఇయ్యాల పొయ్యి ముట్టియ్య" అంది. నాయిన చెప్పాడు, అందరికీ చెప్పినంతే చెప్పాడు. చిన్నాయిన ముఖం నల్లబడింది. "అన్నదమ్ముల కాడ గూడ పైసలేనా వదినా?" అని జీపు తీసుకుని వెళ్లిపోయాడు. చాలాకాలం మా గడప తొక్కలేదు. పైసల పిచ్చి పట్టిందని చుట్టాలందరూ మమ్మల్ని అన్నారు, పెళ్లిళ్లకు పిలిచి ఒక మూల కూర్చోబెట్టారు. అమ్మ ఆ మూలనే కూర్చుని భోంచేసి వచ్చేది. నాకు అప్పుడు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఏ పెళ్లికి పోయినా నేనే ఒక మూల చూసుకుని కూర్చుంటాను.

మొన్న శ్రీశైలం బండి చూస్తున్నంతసేపూ సుజాత ఫోనులో షోరూం వాళ్లతో మాట్లాడింది. చప్పుడు ఎట్లా వస్తుందో చెప్తే వాళ్లు అక్కడికక్కడే అంచనా పంపించారు. ఏ పనికి ఎంత మజూరీ, విడివిడిగా, పన్నుతో సహా. పొందికగా ఉంది, ఎక్కువేమీ అడగలేదు. ఫోనులో మాట్లాడిన షోరూం పిల్లవాడు మర్యాదగా, "మీ వీలు చూసుకుని తీసుకురండి మేడం" అన్నాడట. ఇప్పటి పద్ధతిలో నాకు తప్పు కనిపించదు, ఇష్టమైతే చేయించుకుంటాం, లేకపోతే లేదు. కాని మన వీలు చూసుకోమన్న ఆ మాట వినగానే నాకు వేపచెట్టు కింది ఖాళీ చోటు కళ్లకు కట్టింది.

శ్రీశైలం తువ్వాలుతో వేళ్ల సందులు తుడుచుకుంటూ వచ్చాడు. వాడి వయసు ఇప్పుడు వాళ్ల నాన్న బతికిన వయసును ఎప్పుడో దాటిపోయింది. నడక మాత్రం మా నాయినది. "ఎడమ చక్రం కాడ నూనె కారుతుంది వదినా" అన్నాడు నాతో. తర్వాత సుజాత వైపు తిరిగి మజూరీ చెప్పాడు. షోరూం వాళ్లు చెప్పినదాని కంటే కాస్త ఎక్కువే. సుజాత నవ్వింది, అమ్మ గడపలో నిలబడి నవ్విన నవ్వే. "కాకా, మనోళ్ల దగ్గర గూడనా?"

"మనోళ్ల దగ్గరనే బిడ్డా" అన్నాడు శ్రీశైలం. "చాబీ ఇయ్యి."

"ముహూర్తానికి పోవాలె కాకా. ఈడిదాక వచ్చింది గద, జరంత దూరానికి ఏమైతది? పోయొచ్చి ఇస్త."

వాడు చేయి చాపి అట్లాగే నిలబడ్డాడు. చేయి ఇంకా తడిగా ఉంది. సుజాత నా వైపు చూసింది, నేను తనను వెనకేసుకొస్తానని. నేను తన గుప్పిట్లోంచి చాబీ తీసుకుని వాడి చేతిలో పెట్టాను. పర్సులోంచి నోట్లు తీసి చాబీ మీద పెట్టాను. శ్రీశైలం వాటిలో ఒక నోటు ఉంచుకుని మిగతావి తిరిగి నా చేతికిచ్చాడు. "గీ చక్రంతోటే గా దిగుడు దిగొచ్చిన్రా వదినా" అన్నాడు నాకు మాత్రమే వినబడేట్టు, లోపలికి నడుస్తూ. చాబీ మేకుకు తగిలిన చప్పుడు బయటికి వినిపించింది. మేమిద్దరం పట్టుచీరల్లో ఎండన పడి తెలకపల్లి బస్సు కోసం నడిచాం.